అడ్వెంచర్ కొనాలా, సొంతంగా రాసుకోవాలా? గేమ్ మాస్టర్లకు సమగ్ర మార్గదర్శి

బల్ల చుట్టూ కూర్చున్న ఆటగాళ్లు ఒక్కొక్కరు ఒక్కో కల్పిత పాత్రగా ఆడేది టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆట. దాన్ని నడిపే బాధ్యత తీసుకున్న ప్రతి గేమ్ మాస్టర్‌కూ మొదటి సెషన్‌కు, అంటే ఆటకు కూర్చునే మొదటి విడతకు, ముందే ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఆ పాత్రలు ఎదుర్కొనే చోట్లు, మనుషులు, సంఘటనల కూర్పయిన అడ్వెంచర్‌ను అచ్చులో దొరికేది కొని నడపాలా, లేక సొంతంగా ఒకటి అల్లుకోవాలా? చాలామంది దీన్ని డబ్బుకూ ఊహాశక్తికీ మధ్య బేరంగా చూస్తారు. కొంటే డబ్బు ఖర్చయినా శ్రమ తప్పుతుందనీ, రాసుకుంటే శ్రమ ఎక్కువైనా తృప్తి మిగులుతుందనీ లెక్క వేసుకుంటారు. ఈ లెక్కలో సగమే నిజం. కొన్న అడ్వెంచర్ శ్రమను తప్పించదు, దాని రూపాన్ని మారుస్తుంది. రాసుకునేవారు కల్పనకు పెట్టే గంటలను, కొన్నవారు చదవడానికీ, గుర్తుపెట్టుకోవడానికీ, తమ బృందానికి తగినట్టు సరిచేసుకోవడానికీ పెట్టవలసి వస్తుంది. కాబట్టి ఈ రెండు రకాల శ్రమల్లో మీకు ఏది సులువుగా సాగుతుందో, మీ బృందానికి ఏది పనికొస్తుందో తేల్చుకోవడమే మొదట చేయవలసిన పని.

రెండు దారులూ ఇంచుమించు ఆటంత పాతవే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ తరహా తొలి ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో మొదటిసారి అచ్చయినప్పుడు, నడపడానికి సిద్ధంగా ఉన్న పూర్తి అడ్వెంచర్ అందులో లేదు. తన సొరంగాలనూ, అడవులనూ, ఊళ్లనూ ఆట నడిపే మనిషే గీసుకుంటారన్నది అప్పటి ఆలోచన. ఆ తర్వాతి ఏడాది వచ్చిన బ్లాక్‌మూర్ అనుబంధంలో ఒక అడ్వెంచర్ చోటు చేసుకుంది. 1978లో ఆ ఆట ప్రచురణకర్త టీఎస్ఆర్ సంస్థ విడి మాడ్యూళ్లను, అంటే విడి పుస్తకాలుగా అచ్చయిన అడ్వెంచర్లను, అమ్మడం ప్రారంభించింది. ఆ తొలి మాడ్యూళ్లలో కొన్ని మొదట కన్వెన్షన్లలో, అంటే ఆటగాళ్లు పెద్దఎత్తున కలిసే సమావేశాల్లో, జరిగే పోటీల కోసం తయారైనవి. వేర్వేరు బృందాలు ఒకే పరీక్షను ఎంతవరకు తట్టుకుంటాయో కొలవడం ఆ పోటీల ఉద్దేశం. 1975లో పోటీలో నడిచి, 1978లో అచ్చయిన టూంబ్ ఆఫ్ హారర్స్‌లో ఒక్క తప్పటడుగుకే పాత్రలు ప్రాణాలు పోగొట్టుకోవడానికి ఆ పుట్టుక కూడా ఒక కారణం. అందువల్ల ఒక అడ్వెంచర్ ఎంత పేరుమోసినదైనా, అది ఎవరి కోసం, ఏ సందర్భం కోసం తయారైందో తెలుసుకోకుండా మీ బల్ల మీదికి తెచ్చుకోకూడదు.

మొదటి అడుగు: సమయాన్నీ, బృందాన్నీ లెక్కలోకి తీసుకోవడం

రెండు సెషన్ల మధ్య మీకు దొరికే ఖాళీ గంటలెన్నో ముందుగా రాసుకోండి. దొరుకుతాయని ఆశపడే గంటలు వేరు, తీరా దొరికే గంటలు వేరు. ఆ సమయం ఒకే విడతలో చిక్కుతుందా, ముక్కలుముక్కలుగా చిక్కుతుందా అన్నది కూడా అంతే ముఖ్యం. పుస్తకం చదవడానికి నిలకడగా కూర్చోవాలి. రెండువందల పేజీలు దాటిన క్యాంపెయిన్‌ను, అంటే ఎన్నో సెషన్ల పాటు సాగే పెద్ద అడ్వెంచర్‌ను, పదేసి నిమిషాల చొప్పున చదివితే, మూడో అధ్యాయానికి చేరేసరికి మొదటి అధ్యాయంలోని పేర్లు మరుపున పడతాయి. సొంత కల్పన అలా కాదు, అది నడుస్తున్నప్పుడో, ఇంటిపనులు చేసుకుంటున్నప్పుడో కూడా సాగుతుంది. కాగితం మీద పెట్టడానికి మాత్రమే కూర్చోవలసి ఉంటుంది. ఖాళీ సమయం తక్కువ కాబట్టి కొనుక్కుంటామనే వారిలో కొందరికి నిజానికి రాసుకోవడమే తక్కువ భారం కావచ్చు.

తర్వాత బృందాన్ని చూడండి. ప్రతిసారీ అందరూ వస్తారా, లేక ప్రతి సెషన్‌కూ ఎవరో ఒకరు మానేస్తారా? హాజరు నిలకడగా లేని బృందానికి సుదీర్ఘమైన అచ్చు క్యాంపెయిన్ నప్పదు, ఎందుకంటే వారానికొకసారి కలిసే బృందానికే అలాంటిది పూర్తికావడానికి ఏడాది పైబడవచ్చు. అటువంటి చోట ఒక్క సాయంత్రంలో, అంటే మూడు నాలుగు గంటల్లో, ముగిసే అడ్వెంచర్లే నిలుస్తాయి. అలాగే మీ ఆటగాళ్లు తమంతట తాము లక్ష్యాలు పెట్టుకుని ముందుకు దూకేవారా, లేక దారి చూపితే ఉత్సాహంగా నడిచేవారా అన్నదీ గమనించండి. రెండో రకం వారికి అచ్చు అడ్వెంచర్ హాయిగా సరిపోతుంది. మొదటి రకం వారు దాన్ని రెండో సెషన్‌లోనే పట్టాలు తప్పిస్తారు, వారికి మీరు అల్లుకున్నదే మేలు.

ఇంతవరకు ఒక్క సెషన్ కూడా నడపనివారికి మాత్రం నా సలహా ఒక్కటే: ఒకటి రెండు సెషన్లలో ముగిసే చిన్న అడ్వెంచర్‌ను కొని, లేదా ప్రచురణకర్తలు ఉచితంగా ఇచ్చేవాటిలో ఒకదాన్ని తీసుకుని మొదలుపెట్టండి. నియమాలు గుర్తుంచుకోవడం, అందరికీ మాట్లాడే అవకాశమివ్వడం, వేగాన్ని అదుపులో ఉంచడం ఇవన్నీ ఒకేసారి నేర్చుకోవలసి వచ్చినప్పుడు కథను కూడా మోయడం అనవసరమైన బరువు. దీనికి మరో కారణం కూడా ఉంది. సొంత అడ్వెంచర్ మొదటిసారే చతికిలపడితే లోపం రాతలో ఉందో, నడపడంలో ఉందో తెలియదు. ఇతరుల బల్లల మీద చక్కగా నడిచిన అడ్వెంచర్ మీ దగ్గర తడబడితే, దేన్ని మెరుగుపరచుకోవాలో తెలుస్తుంది.

రెండో అడుగు: కొనేముందు పరీక్షించడం

అచ్చు అడ్వెంచర్లలో చదవడానికి బాగున్నవి వేరు, నడపడానికి బాగున్నవి వేరు. మొదటి రకం పుస్తకాలు నవలల్లా ఆసక్తిగా సాగుతాయి, తీరా ఆట మధ్యలో కావలసిన ముక్క దొరకదు. ఈ తేడాను పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. నమూనా పేజీలలో మధ్యనుంచి ఏదో ఒక గది వర్ణనను తీసుకుని నాలుగు ప్రశ్నలు వేయండి: లోపల అడుగుపెట్టగానే కనిపించేదేమిటి, అక్కడ ఎవరున్నారు, వారికి ఏం కావాలి, ఆటగాళ్లు ఏదైనా ముట్టుకుంటే ఏం మారుతుంది? ఈ నాలుగింటికీ జవాబులు అర నిమిషంలో దొరికితే ఆ రచయిత ఆట నడిపినవారని నమ్మవచ్చు. ఆ గదిని నూటయాభై ఏళ్ల కిందట ఎవరు కట్టించారో, వారి వంశం ఎలా అంతరించిందో రెండు పేరాలు చెప్పి, మూడో పేరా చివరి వాక్యంలో "ఇక్కడొక ఓగర్ నిద్రపోతోంది" అని రాసి ఉంటే, ఓగర్ అనే ఆ భారీ రాక్షసిని మీరు చూసేలోపే ఆటగాళ్లు గది మధ్యకు వచ్చేసి ఉంటారు.

మ్యాప్‌ను కూడా ఇదే దృష్టితో చూడండి. ఒక గది నుంచి రెండో గదికి, దాని నుంచి మూడో గదికి వరుసగా పోయే మ్యాపులో ఆటగాళ్ల నిర్ణయాలకు చోటు తక్కువ. లోపలికి రెండు దారులు, గదుల మధ్య తిరిగి కలిసే మార్గాలు, ఒకటి రెండు రహస్య ద్వారాలు ఉన్న మ్యాప్ అయితే అదే అడ్వెంచర్ రెండు బృందాలకు రెండు రకాలుగా నడుస్తుంది. ఆ తర్వాత పాఠంలో "అప్పుడు పాత్రలు అతణ్ని వెంబడిస్తాయి" వంటి వాక్యాల కోసం వెతకండి. అవి ఒకటి రెండు ఉంటే సర్దుకోవచ్చు. ప్రతి అధ్యాయమూ అలాంటి ఊహ మీదే ఆధారపడితే, ఆటగాళ్లు వెంబడించని రోజున మీ చేతిలో ఏమీ మిగలదు.

ఇక ఏ నియమావళికి, ఆ నియమావళి ఏ ఎడిషన్‌కు, ఎన్నో లెవెల్ పాత్రలకు, ఎంతమంది ఆటగాళ్లకు రాశారన్నది అట్ట మీదో, తొలి పేజీలలోనో ఉంటుంది. సమీక్షలు చదివేటప్పుడు పుస్తకాన్ని చదివి రాసినవారి మాటకన్నా నడిపి రాసినవారి మాటకు ఎక్కువ విలువనివ్వండి. వారు ఎక్కడ ఆగిపోయారో, దేన్ని మార్చవలసి వచ్చిందో చెబుతారు.

మూడో అడుగు: కొన్నదాన్ని మీదిగా చేసుకోవడం

పుస్తకాన్ని మొదటిసారి పెన్ను పట్టుకోకుండా వేగంగా చదివేయండి. అన్నిటికన్నా ముందు ముగింపు అధ్యాయాన్ని చదవడం ఇంకా మంచిది. ప్రతినాయకులు చివరకు ఏం సాధించాలనుకుంటున్నారో తెలిస్తే, మొదటి అధ్యాయంలోని చిన్న సంఘటనలు ఎందుకు ఉన్నాయో అర్థమవుతుంది. రెండోసారి చదివేటప్పుడు ఒకే ఒక కాగితం దగ్గర పెట్టుకుని, దాని మీద మూడు విషయాలు మాత్రమే రాయండి: ఎవరికి ఏం కావాలి, ఏ రహస్యం ఎక్కడ బయటపడుతుంది, ఎవరూ అడ్డుపడకపోతే ఏ క్రమంలో ఏం జరుగుతుంది. అడ్వెంచర్ అంతా ఆ ఒక్క కాగితం మీద పట్టకపోతే అది మీకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదన్నమాట. లేదా రచయితకే స్పష్టత లేదన్నమాట, అలా జరగడం కూడా అరుదేమీ కాదు.

వివరంగా సిద్ధం చేసుకోవలసింది రాబోయే సెషన్‌లో చేరుకోగలిగిన భాగాన్ని మాత్రమే. ఆ భాగంలో వచ్చే శత్రువుల స్టాట్ బ్లాకులను, అంటే వారి బలాబలాలు చెప్పే అంకెల పట్టికలను, ఒక పుటకు ఎత్తి రాసుకోండి. యుద్ధం మధ్యలో మూడు పుస్తకాల పేజీలు తిరగేస్తుంటే, బల్ల చుట్టూ ఉన్నవారు ఫోన్లు తీస్తారు. ఆటగాళ్లకు చదివి వినిపించమని పేజీలో పెట్టె గీసి ముద్రించిన వర్ణనలను ఉన్నవున్నట్టు చదవడంకన్నా, వాటిలోంచి మూడు వివరాలు ఏరుకుని మీ మాటల్లో చెప్పడం మేలు.

ఆటగాళ్ల సంఖ్య తేడా ఉన్నప్పుడు చేసే సర్దుబాటులో చాలామంది ఒకే తప్పు చేస్తారు: శత్రువు హిట్ పాయింట్లను (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకెను) పెంచి ఊరుకుంటారు. దాంతో యుద్ధం కష్టమయ్యే బదులు సాగుతుంది. అసలు తేడా ఒక రౌండ్‌లో ఏ పక్షానికి ఎన్ని వంతులు వస్తాయన్నదానిలో ఉంటుంది. నలుగురి కోసం రాసిన అడ్వెంచర్‌కు ఆరుగురు కూర్చుంటే, ఒంటరి శత్రువు ఒక్క దెబ్బ వేసేలోపు దానికి ఆరు దెబ్బలు తగులుతాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో పెద్ద శత్రువులకు ఇతరుల వంతుల చివర కదిలే లెజెండరీ యాక్షన్లు ఇవ్వడం ఈ చిక్కును తగ్గిస్తుంది. అవి లేని శత్రువుకు ఇద్దరు చిన్న అనుచరులను జతచేయండి, లేదా సగం దెబ్బతిన్నాక తప్పించుకుని మరోచోట తిరిగి ఎదురయ్యేలా చేయండి.

అచ్చు అడ్వెంచర్‌కు సహజంగా ఉండే పెద్ద లోటు మరొకటి ఉంది. రచయితకు మీ ఆటగాళ్ల పాత్రలు తెలియవు. అందుకే చాలా పుస్తకాలు కూలికి పని అప్పగించే ఒక అపరిచితుడితో మొదలవుతాయి. ఆ అపరిచితుణ్ని తీసేసి, ఒక పాత్రకు విద్య నేర్పిన గురువునో, అప్పు ఎగవేసిన అన్ననో ఆ స్థానంలో పెట్టండి. అలా రెండు మూడు పేర్లు మార్చడంతోనే పుస్తకంలోని కథ బృందం కథగా మారిపోతుంది. ఇంత తక్కువ శ్రమకు ఇంత ఫలితమిచ్చే మార్పు ఇంకొకటి నాకు కనిపించలేదు.

నాలుగో అడుగు: సొంత అడ్వెంచర్ రాయడం

సొంతంగా రాసేవారు కథతో మొదలుపెట్టకూడదు, పరిస్థితితో మొదలుపెట్టాలి. కథ అంటే ముందే నిర్ణయమైన సంఘటనల వరుస, అందులో ఆటగాళ్లు చేయవలసిందేమిటో మీరే రాసేసి ఉంటారు. పరిస్థితి అంటే ఒకరి కోరిక మరొకరి కోరికకు అడ్డుపడి, ఎవరైనా జోక్యం చేసుకుంటే తప్ప తెగని చోటు. దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక ఉప్పు గని అడుగు అంతస్తుల్లోకి నీళ్లు వస్తున్నాయి. గని యజమానురాలు అప్పుల్లో ఉంది, ఐదు రోజుల్లో సరుకు పంపకపోతే గని చేజారుతుంది. అందుకని నీటిని ఆపుతున్న రాతి అడ్డును మందుపెట్టి పేల్చి, ఆ నీటిని కిందికి వదిలేయాలని చూస్తోంది. ఆ అడ్డును కట్టింది గని కింద నివసించే జలప్రాణులు. వాటి గుడ్లు పొదిగే గుంటలో నీటిమట్టం తగ్గకూడదు. కూలీల మేస్త్రీకి ఈ సంగతి తెలుసు, కానీ అతడు నెలల తరబడి ఆ ప్రాణులకు ఇనుము ఇచ్చి ముత్యాలు తెచ్చుకుంటున్నాడు కాబట్టి నోరు విప్పడు. ఇక్కడ ముగ్గురికీ తమతమ న్యాయం ఉంది. ఆటగాళ్లు ఎవరి పక్షాన నిలబడతారో మీకు తెలియదు, తెలియనవసరమూ లేదు.

ప్రతి ముఖ్య పాత్రకూ నాలుగు ముక్కలు రాసుకుంటే చాలు: ఏం కావాలి, దేనికి భయపడుతుంది, చేతిలో ఏ బలం ఉంది, తర్వాత ఏం చేయబోతోంది. మేస్త్రీకి ముత్యాల వ్యాపారం సాగాలి, కూలీలకు నిజం తెలుస్తుందని భయం, గనిలోని ప్రతి దారీ అతడికి తెలుసు, ఈ రాత్రి మందు నిల్వను తడిపేయబోతున్నాడు. పుట్టుపూర్వోత్తరాలు ఇంతకన్నా రాయనక్కరలేదు. ఆటగాళ్లు ఊహించని ప్రశ్న అడిగినప్పుడు మీకు సాయపడేది అతడి బాల్యం కాదు, అతడి భయం.

తర్వాత ఎవరూ జోక్యం చేసుకోకపోతే ఏం జరుగుతుందో రోజుల వారీగా రాయండి. మొదటి రోజు ఇద్దరు కూలీలు కనిపించకుండా పోతారు. రెండో రోజు మందు తడిసిపోతుంది, యజమానురాలు కొత్త మందుకు మనిషిని పంపుతుంది. మూడో రోజు నీరు ఇంకో అంతస్తు పైకి వస్తుంది. నాలుగో రోజు జలప్రాణులు పంపు గదిని ఆక్రమిస్తాయి. ఐదో రోజు అడ్డు పేలుతుంది, గుంట ఎండిపోతుంది, ఆ రాత్రి ప్రాణులు ఊరిమీద పడతాయి. ఆటగాళ్లు ఏదైనా చేసినప్పుడల్లా ఈ పట్టికలో తర్వాతి వరుసను సవరించుకుంటూ పోతే, మీ ప్రపంచం వారి కోసం ఆగి ఎదురుచూస్తున్నట్టు ఉండదు. వారు మూడు రోజులు మరోచోట గడిపినా కంగారు పడవలసిన పనిలేదు. తిరిగి వచ్చేసరికి ఏమై ఉంటుందో మీకు తెలుసు.

రహస్యాలను అమర్చేటప్పుడు కొంచెం లెక్క అవసరం. మేస్త్రీ గుట్టు బయటపడటానికి ఒకే ఆధారం ఉంచి, దాన్ని కనిపెట్టడానికి డైస్ వేయించారనుకుందాం. ఇరవై ముఖాల డై మీద, పడిన అంకెకు 5 కలుపుకునే (+5 బోనస్ ఉన్న) పాత్ర గెలుపుకు కావలసిన 15 అందుకోవాలంటే 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి. అంటే గెలిచే అవకాశం 55 శాతం, దాదాపు సగం సార్లు మీ అడ్వెంచర్ అక్కడే ఆగిపోతుంది. అదే సంగతిని చెప్పే ఆధారాలను మూడు వేర్వేరు చోట్ల ఉంచితే, మూడూ తప్పిపోయే అవకాశం సుమారు 9 శాతానికి దిగుతుంది. ఆ మూడింటిలో కనీసం ఒకదాన్ని డైస్‌తో పనిలేకుండా, సరైన చోట చూసినవారికి దొరికేటట్టు పెట్టండి. ఉదాహరణకు మేస్త్రీ గదిలో తూకం రాళ్ల పక్కన ఉప్పు గనిలో పుట్టడానికి వీల్లేని ఒక ముత్యం, తప్పిపోయిన కూలీ భార్య చెప్పే ఒక మాట, పంపు చక్రంలో ఇరుక్కున్న తోలు చేతితొడుగు. ఎక్కువ ఆధారాలు పెడితే రహస్యం తేలికైపోతుందని కొత్తవారు బెంగపడతారు. ఆట నడిపేవారికి అన్నీ తెలుసు కాబట్టి అలా అనిపిస్తుంది. బల్లకు అవతలివైపు కూర్చున్నవారు మీరు చెప్పినదానిలో సగమే వింటారు.

చోట్లను రాసేటప్పుడు రెండో అడుగులో చెప్పిన నాలుగు ప్రశ్నలనే మీ కాగితానికీ వర్తింపజేయండి. ఒక సెషన్‌కు ఐదారు చోట్లు సరిపోతాయి, ఒక్కోదానికి ఐదారు వరుసలు మించనక్కరలేదు. పంపు గది ఇలా ఉండవచ్చు:

పంపు గది. కనిపించేది: మోకాలిలోతు నీరు, ఆగిపోయిన చక్రం, గోడ మీద మనిషి చేతికి రెండింతలున్న తడి చేతిముద్రలు.
వినిపించేది: గోడ వెనకనుంచి, ఆగి ఆగి, మూడు దెబ్బల చప్పుడు.
ఉన్నవారు: ఇద్దరు కాపలా మనుషులు. జీతం కోసం నిలబడ్డారు, ప్రాణం కోసం పారిపోతారు.
దాగినది: చక్రం ఇరుసులో మేస్త్రీ చేతితొడుగు.
మార్పు: చక్రం తిప్పితే నీరు తగ్గుతుంది, గోడ వెనక చప్పుడు అరుపుగా మారుతుంది.
దారులు: పైకి నిచ్చెన, కిందికి మునిగిన సొరంగం, తూర్పున తాళం వేసిన మందు కొట్టు.

ఇంతకన్నా పొడుగ్గా రాస్తే అది ప్రచురణకు పనికొస్తుందేమోగానీ, మీ బల్ల దగ్గర మిమ్మల్ని నెమ్మదింపజేస్తుంది.

యుద్ధాల విషయంలో ఒకే నియమం పాటించండి: చంపడం కాక మరో ప్రయోజనం లేని యుద్ధాన్ని రాయకండి. నీరు మెడదాకా వచ్చేలోపు తలుపు తెరవాలి, గుడ్లు పగలకుండా గుంట దాటాలి, మందు కొట్టు దగ్గర నిప్పు వాడకూడదు వంటి షరతు ఒక్కటి ఉంటే మామూలు శత్రువులతో జరిగే పోరాటం కూడా ఆలోచనను కోరుతుంది. శత్రువులు ఏ దశలో లొంగిపోతారో, ఏ దశలో పారిపోతారో కూడా ముందే రాసుకోండి. చివరిమనిషి వరకూ పోరాడే శత్రువులు ఆటను అనవసరంగా పొడిగిస్తారు.

మొదటి సన్నివేశాన్ని మాత్రం శ్రద్ధగా రాయండి. మొత్తం అడ్వెంచర్‌లో మీరు కచ్చితంగా ఊహించగలిగేది అదొక్కటే. పాత్రలు ఊరు చేరుకునే సమయానికి గని గంట ఆగకుండా మోగుతూ ఉండవచ్చు, కూలీలు తాడు పట్టుకుని ఎవరినో పైకి లాగుతూ ఉండవచ్చు, తాడు చివర మనిషి లేకపోవచ్చు. ముగింపును మాత్రం రాయకండి. ముగింపు కోసం కావలసిన చోటునూ, మనుషులనూ, వారి బలాబలాలనూ సిద్ధం చేసి అక్కడితో ఆగండి.

ఐదో అడుగు: రెండింటినీ కలపడం

ఎక్కువకాలం ఆట నడిపినవారు చివరకు చేరుకునే చోటు ఇదే. తొలి మాడ్యూళ్లలో ఒకటైన బీ1, ఇన్ సర్చ్ ఆఫ్ ది అన్‌నోన్, దీనికి చక్కటి నమూనా. అందులో మ్యాపూ, గదుల వర్ణనా ఉంటాయి, కానీ ఏ గదిలో ఏ ప్రాణి ఉండాలో, ఏ నిధి ఎక్కడ దాగి ఉండాలో ఖాళీగా వదిలి, విడిగా ఇచ్చిన జాబితాల నుంచి నింపుకోమంటుంది. రాయడం నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి అభ్యాసం దొరకదు. ఏ అడ్వెంచర్‌నైనా అలా ఖాళీ చేసి నింపుకోవచ్చు. మీ దగ్గరున్న పుస్తకంలోంచి ఒక మ్యాపును తీసుకుని, గదుల పేర్లు చెరిపేసి, పైన చెప్పిన పద్ధతిలో మీ పరిస్థితిని అందులో ప్రవేశపెట్టండి.

సొంతంగా చేస్తే ఎక్కువ సమయం తినేవి మ్యాపులూ, స్టాట్ బ్లాకులూ. అవే అచ్చు పుస్తకాలలో నమ్మకంగా దొరుకుతాయి. అచ్చు పుస్తకం ఇవ్వలేనివి మీ పాత్రల గతంతో ముడులు, మీ ఆటగాళ్ల అభిరుచులు, గత సెషన్‌లో వారు చేసిన పనుల పర్యవసానాలు. మొదటివి కొనుక్కుని రెండోవి రాసుకోవడం తెలివైన పని విభజన. శత్రువుల విషయంలో అంకెలను ముట్టుకోకుండా రూపం మాత్రమే మార్చినా సరిపోతుంది. పుస్తకంలోని ఓగర్ అంకెలతోనే గని కింద జలప్రాణుల నాయకురాలిని నడపవచ్చు, ఆటగాళ్లకు ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. నీటిలో వేగంగా కదలడం, నేల మీద నెమ్మదించడం వంటి లక్షణం ఒక్కటి చేరిస్తే అది పూర్తిగా కొత్త ప్రాణి.

అచ్చు క్యాంపెయిన్ మధ్యలో ఆసక్తి తగ్గినట్టు కనిపిస్తే దాన్ని ముగించేదాకా మోయాలని పట్టుబట్టకండి. ప్రతినాయకుడి తదుపరి ఎత్తును ముందుకు జరిపి, రెండు అధ్యాయాలు దాటవేసి, ముగింపును దగ్గరకు తెచ్చుకోవచ్చు. డబ్బు పెట్టి కొన్నాం కదా అని ప్రతి పేజీనీ నడపాలనుకోవడం పుస్తకం పట్ల గౌరవమేగానీ, ఆటగాళ్ల పట్ల కాదు.

ఆరో అడుగు: నడిపాక సరిచేయడం, ఇతరులకు ఇవ్వడం

సెషన్ ముగిసిన రోజునే, జ్ఞాపకం తాజాగా ఉండగా, మూడు సంగతులు రాసిపెట్టుకోండి: ఆటగాళ్లు ఎక్కడ ఎక్కువసేపు చిక్కుకుపోయారు, దేని గురించి తమలో తాము ఉత్సాహంగా వాదించుకున్నారు, మీరు సిద్ధం చేసినదానిలో ఏది వాడకుండా మిగిలింది. వాడని గదినీ, కలవని మనిషినీ పారేయకండి, పేరు మార్చి మరో అడ్వెంచర్‌లో పెట్టుకోవచ్చు. ఆటగాళ్లు వాదించుకున్న విషయమే తర్వాతి అడ్వెంచర్‌కు విత్తనం.

మీ ఇంట్లో, మీ మిత్రుల మధ్య నడిపినంతకాలం ఎవరి పుస్తకంలోంచి ఏం తీసుకున్నా అడిగేవారుండరు. ప్రచురించాలనుకుంటే మాత్రం జాగ్రత్త అవసరం. కొన్న పుస్తకంలోని మ్యాపులూ, బొమ్మలూ, పాఠమూ, వాటికే ప్రత్యేకమైన పాత్రలూ మీ ప్రచురణలో ఉండకూడదు. నియమాల విషయంలో వెసులుబాటు ఉంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం ఎస్ఆర్‌డీ 5.1ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్స్ కింద విడుదల చేశారు. మూలాన్ని లైసెన్స్ కోరిన విధంగా పేర్కొంటే ఆ పత్రంలో ఉన్న నియమాలనూ, ప్రాణులనూ మీ అడ్వెంచర్‌లో వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఆ పత్రంలో లేని ప్రాణులకూ, లోకాలకూ ఈ అనుమతి వర్తించదు. ఇతర ఆటలకు ఆయా ప్రచురణకర్తల లైసెన్సులు వేరుగా ఉంటాయి కాబట్టి రాయడం మొదలుపెట్టకముందే వాటిని చదవండి.

ప్రచురణకు ముందు చేయవలసిన ఆఖరి పరీక్ష మీ అడ్వెంచర్‌ను మరో గేమ్ మాస్టర్ చేతిలో పెట్టి నడిపించడం. మీరు పక్కనే కూర్చోండి, కానీ నోరు మెదపకండి. వారు పేజీలు వెనక్కి తిప్పిన ప్రతిచోటా ఒక గీత పెట్టుకోండి. మీ వైపు తిరిగి ఏదైనా అడిగితే, ఆ ప్రశ్నను వారి మాటల్లోనే రాసుకోండి. ఉప్పు గని నడుపుతున్నవారు "మేస్త్రీని పట్టుకుంటే జలప్రాణులకు తెలుస్తుందా?" అని అడిగారంటే, మీ తలలో ఉన్న జవాబు కాగితం మీదికి ఎక్కలేదన్నమాట. ఆ జవాబును మేస్త్రీకి సంబంధించిన నాలుగు ముక్కల కింద ఐదోదిగా చేర్చి, తర్వాతి ప్రశ్నకు వెళ్లండి.